మా నాన్న వస్తాదును మళ్లీ నిలబెట్టిన మీకందరికీ

కర్నూలు పాతబస్తీ వాళ్లకు, ఆదోని, గద్వాల, బళ్లారి నుంచి ఫోన్లు చేసినవాళ్లకు, పేరు కూడా చెప్పకుండా డబ్బు పంపినవాళ్లకు నమస్కారం. మా నాన్న నిన్న చేతికర్ర సాయంతో గడప దాటి వీధి అరుగు దాకా నడిచారు. ఈ కబురు ముందుగా మీకే చెప్పాలి.

జరిగింది చాలామందికి తెలుసు. రాత్రివేళ స్నానాల గదిలో జారిపడి నాన్నకు తుంటి ఎముక విరిగింది. డెబ్బై దాటిన మనిషి. మొదట తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కడితేనే చేర్చుకుంటామన్నారు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తెచ్చాం. ఈ వయసులో మంచాన పడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకడుతుందని, అందుకే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదని ఎముకల డాక్టరు చెప్పారు. రక్తం కావాలన్నారు. నాన్న కుస్తీ పట్టిన తాలీం (వ్యాయామశాల) కుర్రవాళ్లు రాత్రికి రాత్రే ఫోన్లలో కబురు పంపారు. తెల్లవారేసరికి రక్తనిధి ముందు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్లలో సగం మంది ముఖాలు నాకు తెలియవు. తమ్ముళ్లూ, మీ పేర్లు రాసుకునే తీరిక కూడా ఆ పూట నాకు లేకపోయింది. మీ రక్తం మా నాన్న ఒంట్లో ఉంది, ఇంతకంటే ఏం చెప్పను?

మీలో చాలామంది నాన్న గురించి రాయమని అడిగారు. ఆయన గోదాలో ఉన్న రోజులు ఇప్పటి పిల్లలకు తెలియవు కాబట్టి రాస్తున్నాను.

నాన్న చిన్నప్పుడే తాలీంలో చేరారు. గురువు ముస్లిం ఉస్తాదు. ముందు ఆయన కాళ్లకు, తరువాత గోడ మీది ఆంజనేయుడి పటానికి దండం పెట్టి మట్టిలో దిగడం అక్కడి పద్ధతి. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, మజ్జిగ, పసుపు, వేపనూనె, నిమ్మరసం కలిపి, పారతో తవ్వి తిరగేయడమే మొదటి చదువు. తవ్వి తవ్వి భుజాలు గట్టిపడ్డాకే పట్లు నేర్పేవారు. తెల్లవారుజామున దండాలు, బస్కీలు, గద తిప్పడం. సాయంత్రం జోడీ కుస్తీ. ఎదుటివాడి చెయ్యి దొరకబుచ్చుకుని, గిరుక్కున వెన్ను తిప్పి, భుజం మీదుగా ఎత్తి నేలకు కొట్టే ధోబీపాట్ నాన్నకు పెట్టింది పేరు. మట్టి కుస్తీలో పాయింట్ల లెక్క లేదు. రెండు భుజాలూ మట్టికి తగిలితే ఓడినట్టే.

ఇది ఆయనకు సరదా కాదు, బతుకుతెరువు. పంటలు ఇంటికి వచ్చాక జాతరలు మొదలయ్యేవి. ఉగాదికి ఒక ఊరు, పీర్ల పండుగకు ఇంకో ఊరు. కొబ్బరికాయకు పట్టే చిన్నపిల్లల కుస్తీతో మొదలై చివర వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలు. దసరాకు మైసూరు వెళ్లేవారు. ఒక ఏడాది కొల్హాపూర్‌లో ఉండి నేర్చుకున్నారు. అక్కడ షాహూ మహారాజు కట్టించగా 1912లో మొదలైన ఖాస్‌బాగ్ మైదానం గురించి ఎంత చెప్పినా ఆయనకు తనివి తీరదు. చుట్టూ మెట్ల మెట్లుగా జనం, నడుమ పల్లంలో మట్టి. చిట్టచివర కూర్చున్నవాడికి కూడా మల్లుడి పట్టు కనిపిస్తుందట.

1968లో బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను దారాసింగ్ ఓడించిన నాటికి నాన్న నూనూగు మీసాల కుర్రవాడు. పంజాబులో ధర్మూచక్ అనే పల్లెలో పుట్టి, 1947లో సింగపూర్ వెళ్లి అక్కడ మల్లుడిగా పేరు తెచ్చుకుని, రెండు వందల కిలోల కింగ్‌కాంగ్‌తో తలపడిన దారాసింగ్ నాన్న తరం వస్తాదులందరికీ దేవుడు. టిక్కెట్లు అమ్మి స్టేడియాలు నింపే ఆ కుస్తీ మా నాన్న దాకా రాలేదు. తరువాత దూరదర్శన్‌లో దారాసింగ్ హనుమంతుడిగా కనిపించినప్పుడు మాత్రం, నాన్న పక్కింటి టీవీ ముందు కూర్చుని ఆయన భుజాలనే చూస్తూ ఉండిపోవడం నాకు గుర్తుంది.

ముప్పై అయిదు దాటాక మోకాళ్లు మొరాయించాయి. మట్టిలో గెలిచినవాడికి సర్టిఫికెట్ ఉండదు, ఉద్యోగం ఉండదు. నాన్న మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల బస్తాలు మోసి మమ్మల్ని చదివించారు. నేను ఈ రోజు బడిలో పాఠం చెబుతున్నానంటే ఆ బస్తాల చలవే. వెండి కడియాల్లో కొన్ని మా ఫీజులకు కరిగిపోయాయి. మిగిలినవి, ఆయన గద, ఫొటోలు అన్నీ 2009 అక్టోబరు వరదలో పోయాయి. ఆ రాత్రి మా వీధిలోకి నీళ్లు ఎలా వచ్చాయో పాతబస్తీలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఆసుపత్రిలో నాన్నను భయపెట్టింది నొప్పి కాదు. కాలు తీసేస్తారేమోనని. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారికే చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చింది. ఆ కథ ఉస్తాదు చెప్పగా విన్నారు కాబట్టి నాన్న మనసులో అదే తిరుగుతోంది. ఆపరేషన్ ముందు రోజు ఒక యువ డాక్టరమ్మ రక్తపోటు చూడటానికి వచ్చి, పట్టీ కట్టడం ఆపి, నాన్న చెవుల వైపు వంగి చూసింది. రెండు చెవులూ ముడుచుకుపోయి, గట్టిగా, ఎండిన అంజీరాల్లా ఉంటాయి. కుస్తీలో చెవి నలిగి, తోలుకూ మృదులాస్థికీ మధ్య రక్తం చేరి గడ్డకడితే అలా అవుతుంది. ఆమె మెల్లగా వేలితో తాకి, "తాతా, మీరు పహిల్వానా?" అని అడిగింది. అంతే, మంచం మీద పడి ఉన్న మనిషి తల ఎత్తారు. ధోబీపాట్ ఎలా వేయాలో రెండు చేతులతో గాలిలో చూపించారు. ఆమె మొత్తం విన్నది. ఆ తరువాత కాగితం మీద తుంటి కీలు బొమ్మ గీసి, విరిగిన బంతి తీసి లోహపు బంతి పెడతామని, కాలు ఎక్కడికీ పోదని చెప్పింది. ఆ రాత్రి నాన్న నిద్రపోయారు. తల్లీ, నువ్వు చేసిన వైద్యం అక్కడే మొదలైంది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. మందులకు, ఎత్తు సరిచేసుకునే మంచానికి, వాకరుకు, ఇంటికి వచ్చి నడక నేర్పే ఫిజియోథెరపిస్టుకు మీరు పంపినది సరిపోయింది. మొదట నాన్న ఒప్పుకోలేదు. వస్తాదు చెయ్యి చాచకూడదన్నారు. అప్పుడు తాలీం పెద్దాయన ఒకరు గామా పహిల్వాను సంగతి ఎత్తారు. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిస్కో లాంటి వాడిని దాదాపు మూడు గంటలు కింద పట్టి ఉంచిన గామా, చివరి రోజుల్లో లాహోరులో జబ్బుపడి డబ్బులేక బాధపడుతుంటే, మన దేశం నుంచి ఘనశ్యాందాస్ బిర్లా 2,000 రూపాయలు, నెలకు 300 పింఛను పంపారు. "గామా తీసుకున్నాడు, నువ్వెంత?" అన్నారు పెద్దాయన. నాన్న ఇంకేమీ అనలేదు.

ఇక అన్నిటికంటే పెద్ద రుణం బళ్లారి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. ఆయన, నాన్న కుర్రవయసులో ఎన్నోసార్లు ఎదురెదురు నిలబడ్డవాళ్లు. ఒక కడియం కుస్తీలో ఆయనే నాన్నను చిత్తు చేశారు. కబురు తెలియగానే మనవడిని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. చేతిలో ఒక డబ్బా నెయ్యి, కిలో బాదం, ప్లాస్టిక్ కవరులో ఒక ఫొటో. అందులో గోదా ఒడ్డున ఇద్దరూ లంగోటాలతో, ఒంటినిండా మట్టితో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. నాన్న యవ్వనాన్ని చూపించే ఫొటో ఇప్పుడు మా ఇంట్లో అదొక్కటే. నా పిల్లలు తాతను అలా చూడటం అదే మొదటిసారి. 

ఆయన మా ఇంట్లోనే ఉండిపోయారు. రోజూ పొద్దున నువ్వులనూనె వెచ్చబెట్టి నాన్న మంచి కాలికి, చేతులకు మాలిష్ చేసేవారు. ఆపరేషన్ అయిన కాలిని ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే కదిలించనిచ్చేవారు, ఒక్క అంగుళం ఎక్కువ కాదు. నాన్న నొప్పికి మొండికేసి లేవనంటే మంచం పక్కన నిలబడి, కన్నడం కలిసిన తెలుగులో, "లే వస్తాదూ, ఇంకా భుజాలు ఆనలేదు" అనేవారు. నాన్న పళ్లు బిగించి లేచేవారు. మామా, మీరు వెళ్లిన తరువాత కూడా నాన్న పొద్దున్నే వాకరు దగ్గరికి లాగమని నన్ను అడుగుతున్నారు.

రాత్రి పగలు మా కోసం బండి ఆపి ఉంచిన ఆటో అన్నకు, వార్డులో నాన్నను పక్కకు తిప్పి పుండ్లు పడకుండా కాపాడిన సిస్టర్లకు, మా వంటిల్లు చూసుకున్న వీధి అక్కలకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

మీరు పంపిన దానిలో కొంత మిగిలింది. నాన్న మాట ప్రకారం దానితో తాలీంలో కొత్త మట్టి వేయిస్తున్నాం, అటకెక్కిన పారలు బాగుచేయిస్తున్నాం. ఈసారి ఆడపిల్లలకు కూడా ఒక పూట కేటాయించాలని నాన్నే అడిగారు, పెద్దలు సరేనన్నారు. మీ డబ్బు వేరే అవసరానికి కావాలనుకుంటే మొహమాటపడకుండా నాకు చెప్పండి, తిరిగి పంపిస్తాను. చూడటానికి వచ్చేవాళ్లు సాయంత్రం అయిదు తరువాత రండి, అప్పటికి ఆయన వ్యాయామం అయిపోతుంది. పండ్లు తేవద్దు, ఇప్పటికే ఎక్కువయ్యాయి. పాత కుస్తీల ఫొటోలు మీ ఇళ్లలో ఉంటే మాత్రం తప్పకుండా తీసుకురండి.