నాలుగు వారాల చాకిరీకి దక్కేదేమిటి?

సంపాదకులకు,

వేసవి దగ్గరపడుతుంటే గోదావరి జిల్లాల లా విద్యార్థులకు ఏటా ఒకటే తర్జనభర్జన. సివిల్ కేసుల్లో సర్కారు తరఫున వాదించే ప్రభుత్వ ప్లీడరు దగ్గరో, క్రిమినల్ కేసుల్లో వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) దగ్గరో, పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవాధికార సంస్థలోనో పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలా, వద్దా? రాజోలు నుంచో నరసాపురం నుంచో రోజూ రాజమహేంద్రవరమో ఏలూరో వెళ్ళి రావాలంటే బస్సుకూ మధ్యాహ్నం భోజనానికీ ఇంట్లో చెయ్యి చాపాలి. రోజుకు 200 రూపాయలు వేసుకున్నా 24 పనిదినాలకు 4,800. ఆ డబ్బుకు ఏం దక్కుతుందో బయల్దేరే ముందే లెక్క చూసుకోవాలి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ళ కోర్సు వారికి 12 వారాలు, అయిదేళ్ళ వారికి 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదిలోనూ వరుసగా నాలుగు వారాలు మించకూడదు. ట్రయల్ కోర్టులోనూ అప్పీలు కోర్టులోనూ వాదించే న్యాయవాదుల దగ్గర ఒక్కసారైనా పనిచేసి తీరాలి. ఆ లెక్కన నాలుగేసి వారాల చొప్పున మూడేళ్ళ విద్యార్థి చేతిలో ఉన్నవి మూడు విడతలే. ప్రభుత్వ కార్యాలయానికి వాటిలో ఒకటి ఇస్తే చాలునన్నది మా అభిప్రాయం. అదీ మొదటి ఏడాది వద్దు. సాక్ష్యం, సివిల్ ప్రొసీజరు చదవకుండా వెళితే కేసు కట్ట విప్పినా అర్థం కాదు.

నెల ఎంచుకోవడంలోనే చాలామంది పొరబడతారు. కాలేజీకి సెలవులని మే నెలలో ప్రభుత్వ ప్లీడరు దగ్గర చేరతారు. సివిల్ కోర్టులకూ అప్పుడే సెలవులు. నల్లకోటు వేసుకుని ఎండలో ఖాళీ కోర్టు హాళ్ళు చూసి రావడమే మిగులుతుంది. మే తప్ప వీలుకాదంటే రిమాండ్లు, బెయిళ్ళు నడిచే మేజిస్ట్రేట్ కోర్టు వైపు వెళ్ళాలి. పోనీ తరగతులు మానేసి సెమిస్టరు మధ్యలో వెళదామంటే ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు నిబంధన అడ్డొస్తుంది.

మా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ పని నేర్పేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ, ముద్దాయిల తరఫున వాదించే దాని డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయం. ప్రాక్టికల్ పేపరు 100 మార్కుల్లో 30 క్లయింట్లతో సంభాషణ గమనించి, కేసు కాగితాల తయారీ చూసి డైరీ రాసినందుకే. ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ గమనించినందుకు మరో 30. ఆ పేపరుకు కావలసిన పని చాలావరకు అక్కడ ఒక్కచోటే దొరుకుతుంది.

ఉదాహరణకు రిమాండు ఖైదీల జాబితా. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో, చుట్టుపక్కల సబ్‌జైళ్ళలో ఉన్న ఒక్కో ఖైదీ పేరుకు ఎదురుగా రిమాండు తేదీ, సెక్షను, గరిష్ఠ శిక్ష రాయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 187(3) ప్రకారం పదేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే బెయిలు హక్కవుతుంది. అరెస్టు తేదీ నుంచి లెక్కపెడితే తప్పు. మేజిస్ట్రేటు రిమాండు విధించిన రోజు నుంచే లెక్క, ఆ రోజునూ కలుపుకోవాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. దరఖాస్తు పడేలోగా ఛార్జిషీటు వచ్చేస్తే ఆ హక్కు చేజారుతుంది. అందుకే ఒక్కరోజు తేడా కూడా పెద్దదే. మరో గడిలో బెయిలుకు వీలిచ్చే అదే చట్టం 479వ సెక్షను లెక్క: గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావారు సగం కాలం జైల్లో గడిపారా? మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నా కుదరదు. ఇలాంటి పట్టిక నాలుగు వారాలు నిలకడగా రాసిన విద్యార్థికి బెయిలు చట్టం జన్మలో మరిచిపోయే పని లేదు.

ప్రభుత్వ ప్లీడరు దగ్గర చూడాల్సింది వేరు. ప్రభుత్వం మీద దావా వేయాలంటే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షను కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందాక కార్యాలయంలో ఏ బల్ల మీద ఎన్నాళ్ళు కదలకుండా ఉంటుందో చూస్తేనే అసలు చదువు. లంక భూములు, చేపల చెరువులు, కాలువ గట్ల ఆక్రమణల కేసుల్లో దావాలోని ఒక్కో పేరాకూ తహసీల్దారు పంపే పేరావారీ జవాబును అడంగల్ (సాగు వివరాలు), 1-బి (హక్కుదారుల వివరాలు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం)తో పోల్చి చదవండి. సర్వే నంబరు సబ్‌డివిజను ఒకచోట ఒకలా, మరోచోట మరోలా పడి కేసు పాడవడం అక్కడే కనిపిస్తుంది.

ఇక చెడిపోయే తీరు. మొదటి రెండు వారాలు జిరాక్సులు, టీ తేవడం. తరువాతి రెండూ సెల్‌ఫోను. తప్పంతా అధికారిది కాదు, ఏం రాయిస్తారని అడగని విద్యార్థిదీ ఉంది. చేరే ముందే ‘నా చేత ఒక బెయిలు దరఖాస్తు, ఒక జవాబుదావా ముసాయిదా రాయించి దిద్దుతారా’ అని అడగాలి. దిద్దేవారు లేరంటే మరోచోటు వెతుక్కోవడం మేలు. ప్రిన్సిపాల్ లేఖతో నెలన్నర ముందే దరఖాస్తు పెట్టాలి. నోటిమాట అనుమతి ఆ అధికారి బదిలీ అయిన రోజునే పోతుంది. డైరీ మీద సంతకం ప్రతి శనివారం పెట్టించుకోవాలి. ఆఖరి రోజున అన్నీ ఒకేసారి అంటే ఆయన క్యాంపులో ఉంటారు. సర్టిఫికెట్లో మొదలు, ముగింపు తేదీలు ఉండాలి. ‘సుమారు నెల’ అని రాస్తే వారాల లెక్కలో పేచీ వస్తుంది. కేసు కాగితాల ఫొటోలు ఫోనులోకి ఎక్కించవద్దు. అత్యాచార బాధితులెవరో తెలిసే వివరాలు బయటపెడితే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 72 కింద రెండేళ్ళ వరకు జైలు. విద్యార్థినన్న మినహాయింపు అందులో లేదు.

ఒక భ్రమ కూడా వదులుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ మూడేళ్ళు బార్ కౌన్సిల్లో న్యాయవాదిగా తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి మొదలవుతాయి. చదువుకునే రోజుల ఇంటర్న్‌షిప్ అందులో కలవదు. ఉద్యోగానికి మెట్టు అవుతుందని ఢిల్లీలో గది అద్దెకు తీసుకుని జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసేకన్నా, ఇంటి నుంచి వెళ్ళి రాగలిగిన కోర్టు నయం.

ఖర్చు భరించలేనివారికి ఒక దారి ఉంది. న్యాయవాదిగా నమోదయ్యే వరకు లా విద్యార్థులు కూడా న్యాయసేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లు (ప్రజలకు న్యాయసహాయం అందేలా చూసే కార్యకర్తలు) కావచ్చు. పని అప్పగించిన రోజులకు వారికి గౌరవ వేతనం ఇస్తారు. అదే ప్రాంగణంలో ఖైదీల లెక్కలు కట్టే ఇంటర్న్‌కు కనీసం బస్సు చార్జీలైనా ఇవ్వడానికి అడ్డేమిటో ఉభయ గోదావరి జిల్లాల న్యాయసేవాధికార సంస్థలు ఆలోచించాలి.

— కొందరు న్యాయవాదులు, లా అధ్యాపకులు
రాజమహేంద్రవరం