తమ్ముడు చెప్పింది సగమే, మిగతా సగం ఇదీ

బుజ్జీ,

తమ్ముడు నీకు ఫోన్ చేసి గంటసేపు మా మీద చాడీలు చెప్పాడట కదా, "ఏంటమ్మా మీరు అమెరికాలో తప్పిపోయారంట" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. తప్పిపోలేదు తల్లీ, టికెట్ కొనుక్కుని మరీ వెళ్ళాం. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే నీకు వాడి మాటే నిజమనిపిస్తుంది, అందుకే కూర్చుని మొత్తం టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో, ఈ ఫోన్‌లో నేనొకటి కొడితే అదొకటి పడుతుంది. ముప్పై ఏళ్ళు పిల్లల నోట్సుల్లో ఎర్ర ఇంకు గీతలు గీసినదాన్ని, ఇప్పుడు నా తప్పులు దిద్దేవాళ్ళు లేరు.

మొన్న శనివారం కోడలు వాళ్ళ ఫ్రెండ్ సీమంతానికి వెళ్ళింది. తమ్ముడు మమ్మల్ని ఇక్కడ నాష్‌విల్‌లో ఓప్రీ మిల్స్ అనే మాల్ దగ్గర దింపాడు, "అమ్మా ఇక్కడే తిరుగుతూ ఉండండి, ఆరున్నరకి వచ్చి పికప్ చేసుకుంటా" అని. ఈ దింపడం, పికప్ చెయ్యడం నీకు తెలీదు, నాలుగు నెలలుగా మా బతుకు కొరియర్ పార్సిల్ బతుకే. గుడి దగ్గర దింపుతాడు, ఇండియన్ స్టోర్ దగ్గర దింపుతాడు, మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటాడు. వాడి తప్పు కాదు పాపం, ఇక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టే.

మాల్ ఎంతసేపు తిరుగుతాం చెప్పు. మీ నాన్న ప్రతి షాపులో చెప్పుల వెనక రేటు చూడ్డం, ఎనభై అయిదుతో గుణించడం, పెట్టేయడం. ఆరింటికి వాడి ఫోన్, ఆఫీసు పనిలో ఏదో ప్రొడక్షన్ ఇష్యూ అట, తొమ్మిదవుతుంది, ఫుడ్ కోర్టులో ఏమైనా తినండి అని. సరే అన్నాం. గాలికి బయటికొచ్చి నించుంటే పార్కింగ్ అవతల జనం, మామూలు జనం కాదు, తీర్థానికి వెళ్తున్నట్టు గుంపులు గుంపులు. ముసలాళ్ళు, పిల్లలు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్న ఆడపిల్లలు, పెద్ద పెద్ద టోపీలు. ఏంటో చూద్దాం పద అని నడిచాం. తీరా చూస్తే గ్రాండ్ ఓల్ ఓప్రీ హౌస్. ఓప్రీ 100 అని ఎక్కడ చూసినా బ్యానర్లు, 1925లో మొదలైన రేడియో కచేరీకి వందేళ్ళట.

ఇక్కడ వినవే, అసలు ఆశ్చర్యం ఇక్కడే. మీ నాన్న సంగతి నీకు తెలుసుగా, మిక్సీ కొనాలన్నా మూడు షాపుల్లో రేటు అడిగొచ్చి నాలుగోరోజు కొనే మనిషి. నేనింకా బ్యానర్ చదువుతున్నా, ఈయన కౌంటర్ దగ్గరికెళ్ళి "టూ టికెట్స్ ప్లీజ్" అంటున్నారు! ఏవండీ, ఏం ప్రోగ్రామో తెలీదు, ఎవరు పాడతారో తెలీదు అంటే, "తెలిస్తే ఎందుకు వెళ్ళడం" అన్నారు. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళలో ఇలాంటి మాట ఈయన నోట వినలేదు నేను. నేను కాటన్ చీరలో, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, భుజం మీద శాలువా, అలాగే లోపలికెళ్ళిపోయాం.

అక్కడ పాడేది కంట్రీ మ్యూజిక్కట, అంటే దేశభక్తి పాటలేమో అనుకున్నా నేను, నవ్వకు. కంట్రీ అంటే ఇక్కడ పల్లెటూరు. లోపల చర్చిలో బల్లల్లాంటి పొడుగాటి సీట్లు, స్టేజీ వెనక ఎర్రటి పెద్ద ధాన్యం కొట్టం బొమ్మ. ఒకళ్ళే రెండు గంటలు పాడే కచేరీ కాదు, ఒక్కొక్కళ్ళు వచ్చి రెండు మూడు పాటలు పాడి వెళ్ళిపోతారు, పక్కన మైకు దగ్గర ఒకాయన నిలబడి మధ్యమధ్యలో ప్రకటనలు చదువుతాడు, ఎందుకంటే ఇదంతా అక్కణ్ణించి రేడియోలో లైవ్ వెళ్ళిపోతోంది. చిన్నప్పుడు ఆకాశవాణి విజయవాడ విన్న చెవులు కదా నావి, ఆ అనౌన్సర్ గొంతు వినగానే మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టయింది.

ఆ రేడియో పేరు డబ్ల్యూఎస్ఎం. దాని కథ పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ చెప్పింది, మీ నాన్న ముందుకి వంగి మరీ విన్నారు. అది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన స్టేషనట! "వి షీల్డ్ మిలియన్స్", లక్షలమందికి రక్ష మేమే అని ఆ కంపెనీ నినాదం, దాంట్లో మొదటి అక్షరాలే స్టేషన్ పేరు. శనివారం రాత్రి రేడియోలో పాటలు వేస్తే, వారంలో ఏజెంటు ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టినప్పుడు "ఓప్రీ వాళ్ళ కంపెనీయా, రండి లోపలికి" అనేవాళ్ళట. ఇంక మీ నాన్న ఆగుతారా! ఆచంట, పెనుగొండ, నరసాపురం ఊళ్ళన్నీ స్కూటర్ మీద తిరిగి పాలసీలు కట్టించిన ఎల్‌ఐసీ మనిషి, "మాకిలాంటి రేడియో ఒకటుంటేనా, టార్గెట్ జూన్‌లోనే అయిపోయేది" అని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టారు, ఆవిడకి ఎంత అర్థమైందో గానీ పకపకా నవ్వింది. ఆవిడ అలబామా నుంచి కూతుర్ని తీసుకుని కారులో వచ్చిందట. నా చీర అంచు పట్టుకుని చూసి చేత్తో నేసిందా అని అడిగింది, అవును అన్నా.

పాటల సంగతికొస్తే, మూడు మాటల్లో ఒకటి పట్టుకున్నా అంతే, వీళ్ళ యాస ముక్కులోంచి సాగుతుంది. కానీ వాయిద్యాలకి యాసేంటి? స్టేజీ మీద ఒక మూల ఒకాయన బల్లలాంటిదాని ముందు కూర్చున్నాడు, అచ్చం మన ఉషా కుట్టుమిషన్ ముందు కూర్చున్నట్టే. పైన తీగలు, ఎడంచేతిలో ఒక ఇనప కడ్డీ, దాన్ని తీగల మీద జారుస్తున్నాడు, కింద పాదాలతో పెడల్స్ తొక్కుతున్నాడు, మోకాళ్ళతో పక్కకి ఏవో నెడుతున్నాడు. ఒళ్ళంతా పని చేస్తోంది, మొహంలో మాత్రం ఏమీ లేదు, పత్తికాయ వొలుస్తున్న మనిషిలా ఉన్నాడు. దాన్ని పెడల్ స్టీల్ గిటార్ అంటారట. ఆ శబ్దం ఒక స్వరం దగ్గర ఆగదే, జారుకుంటూ, వణుక్కుంటూ ఇంకోదాని మీద వాలుతుంది, మన గమకంలాగే. ఎక్కడో విన్నానే అని కాసేపు కొట్టుకున్నా, తర్వాత వెలిగింది, మన రేడియోలో ఒక ప్రోగ్రాం తొందరగా అయిపోతే మధ్యలో సినిమా పాట ట్యూను గిటార్ మీద వేసేవాళ్ళు చూడు, ఆ హవాయి గిటార్‌కి ఇది చుట్టమే.

తర్వాత ఒక గుంపు వచ్చింది, అయిదుగురూ ఒకే మైకు చుట్టూ. ఫిడేలు, బాంజో, గిటార్, నిలువెత్తు బేస్, మాండలిన్. బ్లూగ్రాస్ అంటారు దీన్ని, బిల్ మన్రో అనే కెంటకీ ఆయన మాండలిన్ పట్టుకుని 1939లో ఇదే ఓప్రీలో చేరాడట, ఆయన బ్యాండు పేరే ఈ సంగీతానికి పేరైపోయింది. ఎవరి వంతు వస్తే వాళ్ళు మైకు దగ్గరికి ఒక అడుగు వేస్తారు, వాయించి వెనక్కి జరుగుతారు, ఎవరూ ఎవర్నీ గుద్దుకోరు, శుక్రవారం సంతలో మన పాలకూర అమ్మే అమ్మాయిలకి నేర్పించాలి ఇది. మాండలిన్ అబ్బాయి వాయిస్తుంటే మీ నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఏమే, పాలకొల్లు!" అన్నారు. ఇంకేం అనలేదు. మాండలిన్ శ్రీనివాస్ మనూరివాడని ఇక్కడ ఎవరికి చెప్తాం, చెప్పినా ఎవరికర్థమవుతుంది. ఆ పిల్లాడు 2014లో పోయాడన్న వార్త చదివి మీ నాన్న ఆరోజు భోజనం చెయ్యలేదు, నీకు గుర్తుందా? వాయించే తీరు పూర్తిగా వేరులే, వీళ్ళది టకటకా గుర్రం పరుగు, మనది వేరు. అయినా అదీ మాండలినే కదా.

చప్పట్ల దగ్గర మాత్రం మా పరువు పోయింది. మనం తాళం మొదటి దెబ్బ మీద వేస్తాం కదా, వీళ్ళు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద కొడతారు. హాలంతా ఒకసారి, మేమిద్దరం ఒకసారి. పెద్దావిడ కూతురు నా చెయ్యి పట్టుకుని రెండు పాటలు నేర్పింది, నాకొచ్చేసింది, మీ నాన్నకి రాలేదు, ఆదితాళం వదలనన్నారు.

మధ్యలో డాన్సు వాళ్ళొచ్చారు, గళ్ళ బట్టలు, చెప్పుల కింద ఇనప బిళ్ళలు కాబోలు టకటకలాడిస్తూ, జంటలు జంటలుగా తిరుగుతూ. మన కోలాటంలో పంతులు కోపులు చెప్పినట్టు ఒకరు అరుస్తూ అడుగులు చెప్తే మిగతావాళ్ళు మారిపోతున్నారు. లాబీలో గోడ మీద మిన్నీ పెర్ల్ అనే హాస్యం ఆవిడ ఫోటో ఉంది, గడ్డి టోపీకి 1 డాలర్ 98 సెంట్ల రేటు చీటీ తియ్యకుండా అలాగే వేలాడుతోంది, అదే ఆవిడ జోకట. మన కోడలు కూడా రిటర్న్ ఇవ్వొచ్చని ట్యాగ్ తియ్యకుండా వేసుకుంటుంది, ఈ మాట నీ దగ్గరే ఉంచుకో.

రెండో సగంలో ఒక పెద్దాయన వచ్చాడు, తెల్ల గడ్డం, ఒక్క గిటారే. స్టేజీ మధ్యలో గుండ్రంగా వేరే రంగు చెక్క ఉంది, పాడేవాళ్ళందరూ అక్కడికి రాగానే ఒకసారి కిందికి చూసుకుంటున్నారు, మనం గడప తొక్కకుండా దాటినట్టు. అది పాత హాలు చెక్క. ఊళ్ళో రైమన్ ఆడిటోరియం అని 1892లో ప్రార్థనల కోసం కట్టిన హాలుంది, ఓప్రీ 1943 నుంచి 1974 దాకా అక్కడే జరిగింది, ఇక్కడికి మారినప్పుడు ఆ స్టేజీలోంచి 6 అడుగుల గుండ్రం కోసి తెచ్చి ఇక్కడ అతికించారు. 2010లో నది పొంగి ఈ స్టేజీ మీద నాలుగడుగుల దాకా నీళ్ళు నిలిచాయట, స్టేజీ అంతా పోయినా ఆ ముక్కని మాత్రం కడిగి ఆరబెట్టి మళ్ళీ పెట్టుకున్నారు. 86 గోదావరి వరదకి మా అమ్మ బియ్యం బస్తా వదిలేసి దేవుడి పటాలు అటక మీద పెట్టింది, ఆ గుండ్రాన్ని చూస్తే అదే గుర్తొచ్చింది నాకు.

ఆ పెద్దాయన పాడింది ఏ పాటో పేరు తెలీదు. ల్యాండ్, సోల్డ్, ట్రాక్టర్, డాడీ, ఈ నాలుగు మాటలు పట్టుకున్నా. తండ్రి పొలం అమ్మేసిన పాట. పక్కకి చూస్తే మీ నాన్న కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు, పెట్టుకుంటున్నారు, మళ్ళీ తీస్తున్నారు. తమ్ముడి ఎమ్మెస్‌కి కాలవ గట్టు ఎకరంన్నర అమ్మినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు పూర్తిగా తెలీదు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటికొచ్చి "అయిపోయిందే" అని స్నానానికెళ్ళారు, మళ్ళీ ఆ ప్రస్తావన ఎత్తలేదు. ఇప్పుడది చేపల చెరువు, బస్సులో వెళ్తే కనిపిస్తుంది, ఈయన అటు వైపు సీటులో కూర్చోరు. ఆ పాట అయ్యాక "వీళ్ళూ అమ్ముకున్నారే" అన్నారు. నేను శాలువా కొంగు ఇచ్చా, తుడుచుకున్నారు. ఇది తమ్ముడికి చెప్పకు, వాడు మనసులో పెట్టుకుంటాడు.

ఇక ఫోన్ల సంగతి. రేడియో లైవ్ కదా, మధ్యలో మోగితే ఊరంతా వినపడుతుందేమోనని మీ నాన్న తనదీ నాదీ రెండూ ఆపేశారు. సైలెంట్‌లో పెట్టడం మాకు రాదని కాదు, భయం. వాడి ఇష్యూ ఏదో తొందరగా అయిపోయి ఏడున్నరకే వచ్చాడట, ఫుడ్ కోర్టు, చెప్పుల షాపు, బాత్రూముల బయట, అంతా వెతికి సెక్యూరిటీ వాళ్ళకి "ఎల్డర్లీ కపుల్, లేడీ ఇన్ శారీ" అని చెప్పాడట. ఎల్డర్లీ ట! తొమ్మిది దాటాక మేం ఫోన్ ఆన్ చేస్తే నలభై మూడు మిస్డ్ కాల్స్. జనంతో పాటు నడుచుకుంటూ వస్తుంటే ఎదురుగా వాడు, మొహం ఎర్రగా, చిన్నప్పుడు వాడు సంతలో తప్పిపోతే నేను కొట్టబోయి కౌగిలించుకున్నానే, అలాగే ఉన్నాడు, కానీ కౌగిలించుకోలేదు, కారు ఎక్కండి అన్నాడు.

కారులో ఒకటే తిట్లు. చెప్పకుండా ఎలా వెళ్తారు, నాకు చెప్తే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదా, మంచి సీట్లు బుక్ చేసేవాణ్ణి కదా అని. భయపెట్టాం, తప్పే, ఒప్పుకున్నా, వాడి చెయ్యి పట్టుకుని సారీ కూడా చెప్పా. కానీ బుజ్జీ, వాడు తీసుకెళ్తే అది వాడు చూపించిన కచేరీ అయ్యేది, నయాగరా చూపించినట్టు, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టినట్టు. ఇది మేం వెళ్ళిన కచేరీ. ఈ తేడా వాడికి కారులో చెప్పబోతే గొంతు రాలేదు, నీకు రాస్తున్నా.

మర్నాటి నుంచి మీ నాన్న ఫోన్‌లో ఆ డబ్ల్యూఎస్ఎం 650 స్టేషన్ పెట్టుకుంటున్నారు, నేను ఉప్మా కలుపుతుంటే వంటింట్లో బాంజో. గూగుల్ చేసి రోజుకో సంగతి చెప్తున్నారు. 1925 నవంబర్ 28న మొదటిరోజు ఫిడేలు వాయించినాయన వయసు 77 అట, ఇది మాత్రం పదిసార్లు చెప్పారు. ఇంకోటి, ఓప్రీ అన్న పేరు 1927లో వచ్చింది, దానికి ముందు రేడియోలో ఒపేరా, అంటే వాళ్ళ శాస్త్రీయ సంగీతం వేసేవాళ్ళట, అది అవ్వగానే అనౌన్సర్ ఇప్పటిదాకా గ్రాండ్ ఒపేరా విన్నారు, ఇప్పుడు మాది వినండి, గ్రాండ్ ఓల్ ఓప్రీ అని, ఒపేరానే పల్లెటూరి యాసలో తిప్పి వెక్కిరింపుగా అన్నాడట, గాత్ర కచేరీ అయ్యాక బుర్రకథ వాళ్ళు వచ్చి ఇదిగో మా కచేరీ అన్నట్టు. అప్పుడు వాయించింది డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి ఆయన, మౌత్ ఆర్గాన్ మీద రైలు వెళ్తున్నట్టు వాయించేవాడు. అలాంటాయన్ని 1941లో తీసేశారట. పేరు పుట్టించినవాణ్ణే పంపించేశారా అని మీ నాన్నకి ఆరోజంతా కోపం.

నువ్వు ఇంక తమ్ముడి పక్షాన మాట్లాడకు. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి వాడికి చెప్పాం, దింపుతానన్నాడు, లోపలికి రానన్నాడు, సరేలే అన్నాం.

పాలకొల్లు ఇంటి తాళం పెద్దత్తయ్య దగ్గరుంది, నువ్వు దసరాకి వెళ్తే అటక మీద పాత టేప్ రికార్డర్ పక్కన రేకు డబ్బాలో మాండలిన్ క్యాసెట్లున్నాయి, కిందికి దింపి ఎండలో పెట్టు, మరీ ఎక్కువసేపు వద్దు, పాడైపోతాయి. పిల్లాడికి దగ్గు తగ్గిందా? వాము నీళ్ళు పట్టు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ

మర్చిపోయా, టికెట్లు ఇద్దరికీ కలిపి 124 డాలర్లు. తమ్ముడికి మీ నాన్న నలభై అని చెప్పారు. వాడు అడిగితే నువ్వు కూడా నలభై అనే చెప్పు.