స్కాగ్వే రైలు ఎక్కలేదు గానీ, మా ఆరుగురి తరపున కొంతమందికి థాంక్స్ చెప్పాలి

అందరికీ నమస్కారం అండి. ఆగస్టులో ఒక శుక్రవారం రాత్రి "సియాటిల్‌లో ఆదివారానికి ఆరుగురికి రూమ్ ఎక్కడైనా దొరుకుతుందా, పెద్దవాళ్ళున్నారు" అని అలాస్కా క్రూజ్ షిప్పులోంచి ఇక్కడ మెసేజ్ పెట్టింది నేనే. తర్వాత ఏమైందని చాలామంది అడిగారు, నేను ఇంటికొచ్చాక పిల్లల స్కూళ్ళు, ఆఫీసు, అమ్మావాళ్ళ తిరుగు ప్రయాణం, ఈ గొడవలో పడి ఎవరికీ సరిగ్గా రిప్లై ఇవ్వలేదు, తిట్టుకోకండి. ఇప్పుడు కూర్చుని మొత్తం రాస్తున్నా. పోస్టు పెద్దదే. బాతెల్ (సియాటిల్ పక్క ఊరు) వదినా, మీరు మాత్రం చివరిదాకా చదవాలి, మీతో పనుంది.

ముందు మా నాన్నగారి గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన వాల్తేరు డివిజన్‌లో డీజిల్ అసిస్టెంట్‌గా చేరి లోకో పైలట్‌గా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం కేకే లైనే, అంటే కొత్తవలస - కిరండూల్, బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం విశాఖకి దించే లైను, అరకు రైల్లో వెళ్ళినవాళ్ళందరూ వెళ్ళింది దాని మీదే. సంక్రాంతికి కూడా ఇంట్లో ఉంటారో లేదో చివరిదాకా తెలిసేది కాదు మాకు. అలాంటి మనిషిని 71 ఏళ్ళ వయసులో అలాస్కా తీసుకెళ్తాం అంటే అమ్మకి మంచుకొండలు, పిల్లలకి తిమింగలాలు, ఈయనకి మాత్రం ఒక్కటే, అలాస్కాలో స్కాగ్వే అనే ఊరి నుంచి బయల్దేరే రైలు. 1898లో జనం బంగారం కోసం కెనడాలోని క్లోండైక్‌కి ఎగబడ్డప్పుడు మొదలుపెట్టి 1900కల్లా పూర్తిచేసేసిన నారో గేజ్ లైను అది, సముద్రం ఒడ్డున బయల్దేరి 20 మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కేస్తుంది. గ్రేడియంట్ (వాలు) 3.9 శాతం, అంటే 100 అడుగులు పోతే దాదాపు 4 అడుగులు ఎక్కుతుంది అని నేను చదివి వినిపిస్తే పాలపాకెట్ కవరు వెనకాల లెక్కేసి "అంటే 26కి 1 అన్నమాట! మాకు 60కి 1 ఉంటేనే దిగేటప్పుడు అప్పన్నకి దణ్ణం పెట్టుకునేవాళ్ళం కదే" అన్నారు. ఆ కవరు మడతపెట్టి పాస్‌పోర్టులో పెట్టుకున్నారు, నిజం.

శనివారం సియాటిల్ పియర్ 91లో ఎక్కాం. కెచికాన్ రేవు అయింది, జూనో రేవు అయింది, అంతా బాగానే ఉంది, బుధవారం పొద్దున్నే స్కాగ్వే. మంగళవారం రాత్రి రెండు దాటాక నాకు మెలకువ వచ్చింది, ఎందుకా అని చూస్తే ఏ చప్పుడూ లేదు. షిప్పులో నాలుగు రోజులుంటే ఆ సన్నటి గుయ్యి మనకి వినిపించడం మానేస్తుంది, అది ఆగిపోయాక గానీ ఇన్నాళ్ళూ ఉందని తెలీదు. ఏసీ లేదు, చిమ్మచీకటి, కారిడార్‌లో మాత్రం కింద వరసగా చిన్న దీపాలు. బాత్రూమ్‌లో ఫ్లష్ నొక్కితే పని చెయ్యలేదు, ఆ ఫ్లష్‌లు నీళ్ళతో కాదు వాక్యూమ్‌తో లాగుతాయట, కరెంటు పోతే అవీ పోయినట్టే. కాసేపటికి కెప్టెన్ స్పీకర్లో వచ్చి కరెంటు పోయింది, ప్రమాదం ఏమీ లేదు, ఇంజినీర్లు చూస్తున్నారు, ఎవరి రూముల్లో వాళ్ళు ఉండండి అని చెప్పాడు. మా బుడ్డోడు ఏడుపు మొదలెట్టాడు.

పక్క రూములో అమ్మావాళ్ళు ఎలా ఉన్నారో అని వెళ్తే నాన్నగారు స్వెట్టర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, డ్యూటీకి రెడీ అయినట్టు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఫోన్ టార్చ్ వెలుగులో పిల్లలకి క్లాసు. "ఇది మన డీజిల్ ఇంజన్ లాంటిదేరా. డీజిల్ ఇంజన్ చక్రాన్ని తిప్పదు, జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటు మోటారుకి వెళ్తే మోటారు చక్రాన్ని తిప్పుతుంది. ఇక్కడ ఆ మోటారుని ఒక డొప్పలో పెట్టి షిప్పు కింద నీళ్ళలో వేలాడదీశారు, దానికి ఫ్యాను తగిలించారు, అంతే." అదే కరెంటు వంటకీ, ఏసీకీ, లైట్లకీ కూడా కాబట్టి అది పోతే అన్నీ పోతాయి, పైన వేరే చిన్న జనరేటర్ ఉంటుంది, ఈ దీపాలు దాని మీదవి అని కూడా చెప్పారు. తర్వాత చూసుకుంటే ప్రతి ముక్కా కరెక్టే. ఆ డొప్పని పాడ్ అంటారు, మా షిప్పుకి రెండున్నాయి, ఒకటి పోయింది, పోతూ పోతూ కరెంటు మొత్తాన్ని లాక్కెళ్ళింది.

మా ఆయన మాత్రం ఆ టైములో చెయ్యకూడని పని చేశారు, వైఫై రాగానే "క్రూజ్ షిప్ బ్రేక్‌డౌన్" అని గూగుల్ కొట్టారు. 2013లో కార్నివాల్ ట్రయంఫ్, గాల్వెస్టన్ నుంచి బయల్దేరిన షిప్పు, ఇంజన్ రూములో మంట వచ్చి 4,000 మందికి పైగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో రోజుల తరబడి ఇరుక్కుపోతే టగ్గులతో అలబామాలో మొబైల్ అనే ఊరి దాకా లాక్కొచ్చారు. 2019లో నార్వే దగ్గర వైకింగ్ స్కై, తుఫానులో ఇంజన్లన్నీ ఆగిపోతే హెలికాప్టర్లలో దాదాపు 480 మందిని ఒక్కొక్కరిగా పైకి లాగారు. ఇది చదివి ఈయన మొహం పాలిపోయింది. ఎందుకు ఆగిపోయాయట అన్నారు నాన్నగారు. లూబ్ ఆయిల్ తక్కువుంటే సముద్రం ఊగేసరికి ఇంజన్లు వాటంతటవే ట్రిప్ అయ్యాయట అంటే "మా లోకోకి కూడా ఉంటుంది అల్లుడుగారూ, ఆయిల్ ప్రెజర్ పడిపోతే ఆగిపోవాలి, లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది. ఇక్కడ సముద్రం చూడండి ఎలా ఉందో, చెరువులా ఉంది. పడుకోండి" అన్నారు. లిన్ కెనాల్ అంటే రెండు పక్కలా కొండల మధ్య సన్నటి సముద్రం, ఆ రాత్రి గాలి లేదు, అదీ మా అదృష్టం.

ఇక్కడ మొదటి థాంక్స్. అమ్మకి షుగరు, పొద్దున ఏడింటికల్లా ఏదో ఒకటి కడుపులో పడాలి. కిచెన్ లేదు, చల్లటి శాండ్‌విచ్‌లు పంచుతున్నారు, అందులో మాంసం ఉందో లేదో తెలీదు, అమ్మ ముట్టుకోలేదు. నేను మెట్ల దగ్గర నిలబడి అమ్మతో "పోనీ ఆ బ్రెడ్డు వరకైనా తినమ్మా" అని గొడవ పడుతుంటే ట్రే పట్టుకెళ్తున్న ఒక కుర్రాడు ఆగిపోయి "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు. ఉద్దానం వైపు పిల్లాడు, గ్యాలీలో (షిప్పు వంటింట్లో) పని, ఆ రాత్రి అసలు పడుకోలేదట. మా ఊర్లో ఇంటికొకడు షిప్పు మీద ఉంటాడు, మా అమ్మే అస్తమానం నీకేమైనా అవుతుందేమో అని ఏడుస్తుంది అని నవ్వుతూ చెప్పాడు. పావుగంటలో రెండు అరటిపళ్ళు, ఒక కప్పులో పెరుగు, రాత్రి మిగిలిన అన్నం తెచ్చిచ్చాడు. ఉప్పు పొట్లం కూడా మర్చిపోలేదు. అమ్మ అక్కడే మెట్ల మీద కూర్చుని చేత్తో కలుపుకుని తింటుంటే దాటుకుని వెళ్ళేవాళ్ళందరూ సారీ చెప్పి వెళ్ళారు. బాబూ, నువ్వు పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయట్లేదు, అమ్మ మీ అమ్మకి ఫోన్ చేస్తానంది, నంబరు పంపు.

పొద్దెక్కాక కరెంటు వచ్చింది, టగ్గులు వచ్చి మమ్మల్ని మళ్ళీ జూనోకే తీసుకెళ్ళాయి. కోస్ట్ గార్డ్ వాళ్ళు ఎక్కి చూసి సరే అంటే గానీ కదలకూడదు. స్కాగ్వే క్యాన్సిల్, గ్లేసియర్ క్యాన్సిల్, ఒక్క పాడ్ మీద 12 నాట్ల వేగంతో (గంటకి దాదాపు 22 కిలోమీటర్లు) నెమ్మదిగా సియాటిల్‌కి, శనివారం బదులు ఆదివారం చేరతాం అని అనౌన్స్ చేశారు. నాన్నగారు అడిగింది ఒకటే, "పోనీ బస్సులో వెళ్ళలేమా ఆ ఊరికి?" జూనో ఒక రాష్ట్రానికి రాజధాని, కానీ ఆ ఊర్లోంచి బయటికి రోడ్డు లేదు, పడవ గానీ విమానం గానీ. అది చెప్పాక ఆయన ఇంకేం అనలేదు. పాస్‌పోర్టు తీసి ఆ కవరు ఒకసారి చూసుకుని మళ్ళీ లోపల పెట్టేశారు. నాకు కంపెనీ మీద కోపం వచ్చింది అక్కడే, కరెంటు పోయినప్పుడు కాదు.

రెండో థాంక్స్ మోంటానా తాతగారికి. ఆయన తెలుగు చదవలేరు, అయినా రాస్తా. గురువారం సాయంత్రం డెక్ మీద నాన్నగారి టోపీ మీద ఇంజన్ బొమ్మ చూసి పలకరించారు. "ఐ వాజ్ ఎన్ ఇంజినీర్, ఫార్టీ ఇయర్స్" అన్నారో లేదో నాన్నగారు పెద్ద ఆఫీసర్ అనుకుని లేచి నిలబడిపోయారు! అక్కడ రైలు నడిపేవాళ్ళనే ఇంజినీర్ అంటారని మా పెద్దది చెప్తే ఇద్దరూ ఒకటే నవ్వు. ఇంక మూడు రోజులు వాళ్ళిద్దరినీ విడదియ్యలేకపోయాం. ఆయన స్కాగ్వే రైలు మూడుసార్లు ఎక్కారట, ట్యాబ్‌లో గంటన్నర వీడియో ఉంది. అది ఊరికే చూపించలేదండి, ప్రతి మలుపు దగ్గరా ఆపి, ఇక్కడ బ్రేక్ ఎంత వేస్తారు, ఇక్కడ చక్రం ఎందుకు కీచుమంటుంది అని చేతులతో చూపిస్తూ, నాన్నగారేమో టేబుల్ మీద ఉప్పు పొట్లాలు వరసగా పేర్చి ఘాట్‌లో ఖనిజం బండి ఎలా దించుతారో చూపిస్తూ. ఈయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, ఆయనకి తెలుగు సున్నా, "ఎయిర్ బ్రేక్", "వాక్యూమ్", "గ్రేడ్" ఈ మూడు ముక్కలతో రోజూ మూడు గంటలు. కేకే లైన్లో 58 సొరంగాలు అంటే ఆయన నమ్మలేదు, మా బుడ్డోడు ఫోన్లో చూపించాక నాన్నగారికి సెల్యూట్ కొట్టారు. ఆ వీడియో మొత్తం పెన్ డ్రైవ్‌లో వేసిచ్చారు, విశాఖలో మా ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఇప్పుడది చూడాల్సిందే.

శనివారం రాత్రి కెనడాలోని విక్టోరియాలో రెండు గంటలు ఆగాం. అంత లేటైనా అక్కడెందుకు ఆగారని చాలామంది విసుక్కున్నారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న షిప్పు అమెరికా పోర్టులో ఎక్కించుకున్న జనాన్ని మధ్యలో వేరే దేశం తాకకుండా అమెరికా పోర్టులోనే దించకూడదు, దాదాపు క్రూజ్ షిప్పులన్నీ విదేశీ జెండావే. ఆ రెండు గంటల కోసం అమ్మావాళ్ళకి కెనడా వీసాలు, వేలిముద్రలు అని మేం పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొచ్చింది. ఎవరూ దిగలేదు కూడా, బాల్కనీ లోంచి చూసి పడుకున్నాం.

ఇక అసలు కథ. మా ఫ్లైట్లు శనివారం మధ్యాహ్నానివి. ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఆరు సీట్లు కలిపి మంగళవారమే ఉన్నాయన్నారు, ఆగస్టులో సియాటిల్ హోటల్ రేట్లు మీకు తెలుసు, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, అందుకే ఇక్కడ అడిగా. ఏడు నిమిషాల్లో బాతెల్ వదిన మెసేజ్, "హోటల్ ఎందుకమ్మా, మా ఇంటికి రండి." నేను మొహమాటపడి అబ్బే వద్దండి అంటే "మీ అమ్మగారు పచ్చిమిర్చి తింటారా, కారం తక్కువా?" అని అడిగారు, అంటే విషయం ఖాయం అయిపోయినట్టే. ఆదివారం మధ్యాహ్నం పియర్ 91 బయట చూడాలి, మేం దిగుతుంటే మా తర్వాత ఎక్కాల్సినవాళ్ళు వేలమంది, వాళ్ళ ట్రిప్పు క్యాన్సిల్ అని చెప్పారట, సూట్‌కేసుల మీద కూర్చుని ఉన్నారు, పాపం వాళ్ళది మా కంటే ఘోరం. ఆ జనంలో అన్నయ్య (వదిన వాళ్ళాయన) ఒక కారు, వదిన ఒక కారు, మా పెద్దదాని పేరు అట్టముక్క మీద రాసి పట్టుకుని!

ఆ మధ్యాహ్నం భోజనం గురించి రాయకపోతే పాపం. వేడన్నం, కందిపొడి, నెయ్యి, దోసకాయ పప్పు, వడియాలు. ఎనిమిది రోజుల తర్వాత. మా ఆయన మూడోసారి పెట్టించుకున్నప్పుడు నేను తలదించుకున్నా.

సోమవారం అన్నయ్య ఆఫీసుకి సెలవు పెట్టారు. "అంకుల్, రండి తిరిగొద్దాం" అని నాన్నగారిని ఒక్కరినే కారెక్కించుకుని స్కైకోమిష్ అనే ఊరు తీసుకెళ్ళారు, గంట పైనే డ్రైవ్. అక్కడ కొండల్లో గూడ్సు రైళ్ళు వెళ్తుంటాయి, ఆ పైన కాస్కేడ్ సొరంగం ఉంది, 1929లో తెరిచారు, 8 మైళ్ళకి కొంచెం తక్కువ, లోపల పొగ నిండిపోతుందని రైలు వెళ్ళాక పెద్ద ఫ్యాన్లతో ఊదుతారు. అన్నయ్యకి రైళ్ళంటే ఏ ఆసక్తీ లేదు, వదినే చెప్పారు, ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుందా అని వెతికారట. మడత కుర్చీలు రెండు వేసుకుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నారు ఇద్దరూ. రెండు రైళ్ళు వచ్చాయి. రెండోదానికి 104 వ్యాగన్లు, నాన్నగారు లెక్కపెట్టారు, ముందు ఇంజన్లు, వెనకాల మనిషి లేకుండా నడిచే ఇంజన్. ఆయన చెయ్యి ఊపితే లోపలున్నతను హారన్ కొట్టాడట, సాయంత్రం వచ్చి అది నాలుగుసార్లు చెప్పారు.

డబ్బుల సంగతి అడిగినవాళ్ళకి క్లుప్తంగా. స్కాగ్వే రైలు టిక్కెట్లు షిప్పు ద్వారానే కొన్నాం కాబట్టి అడక్కుండానే వెనక్కి వేశారు, విడిగా బుక్ చేసుకున్నవాళ్ళు ఇంకా మెయిళ్ళు రాస్తున్నారు. ట్రయంఫ్ గొడవ తర్వాత 2013లో క్రూజ్ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కులని ఒకటి ప్రకటించింది, రిపేరు వల్ల ట్రిప్పు మొత్తం క్యాన్సిల్ అయితే పూర్తి డబ్బు, మధ్యలో ఆపేస్తే కొంత ఇవ్వాలి. పోర్టు వదిలేస్తే మాత్రం అందులో ఏమీ లేదు, మాకొచ్చింది కంపెనీ దయ. అమ్మావాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ హాస్పిటల్ ఖర్చుకే, ఫ్లైటు పోతే పైసా రాదు. షిప్పు దిగిన రోజే ఫ్లైటు పెట్టుకోకండి, మందులు వారం ఎక్కువ పెట్టుకోండి, అంతకంటే నాకు తెలిసిందేం లేదు.

అన్నయ్యా, వదినా, మిమ్మల్ని ఎదురుగా పొగిడితే మీరు టాపిక్ మార్చేస్తారు కాబట్టి ఇలా అందరిలో పెట్టేస్తున్నా, ఏం చేసుకుంటారో చేసుకోండి. ఇప్పుడు పని సంగతి. ఎయిర్‌పోర్టుకి పులిహోర పెట్టిచ్చిన మీ స్టీల్ డబ్బా, మూత మీద మీ అత్తగారి పేరు చెక్కి ఉన్నది, మా దగ్గరే ఉండిపోయింది. కొరియర్ చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, డబ్బా ఖాళీగా పంపకూడదంట. ఆవిడ దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని విశాఖ పట్టుకెళ్ళిపోయింది, మాడుగుల హల్వా నింపి జనవరిలో మా తమ్ముడు వస్తుంటే పంపిస్తుందట. అప్పటిదాకా వెతుక్కోకండి.