నిరంకుశ రాజుకూ ఒక అంకుశం

సంపాదకులకు నమస్కారం.

యూరప్ చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ‘నేనే రాజ్యం’ అన్నాడని రాసేస్తున్నాం. 1655 ఏప్రిల్‌లో, పదహారేళ్ల వయసులో, పారిస్ న్యాయస్థానంలో ఆ మాట అన్నాడని చెబుతారు. ఆ న్యాయస్థానం నమోదు పుస్తకాల్లో అది లేదు. 1715లో మరణశయ్య మీద ఆయన అన్నట్టు కొలువులోనివారు రాసిపెట్టిన మాట దీనికి పూర్తిగా ఎదురు: తాను పోతున్నా రాజ్యం ఎప్పటికీ ఉంటుందని.

ఆ ఒక్క వాక్యంతో పోయేదైతే ఈ ఉత్తరం అక్కర్లేదు. నిరంకుశుడంటే అంకుశం లేనివాడు. ఆ పదం వినగానే రాజు నోటిమాటే చట్టమని అనుకుంటాం. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ ఆలోచనా ఉద్యమమైన జ్ఞానోదయం (ఎన్‌లైటెన్‌మెంట్) రాజకీయ భావాలు ఎక్కడ వేరూనాయో అప్పుడిక అర్థం కాదు.

ఫ్రాన్స్‌లో రాజశాసనం ఒక ప్రాంతంలో అమలు కావాలంటే అక్కడి ‘పార్లమాన్’ దాన్ని చదివి తన పుస్తకంలో ఎక్కించాలి. పేరు చూసి ఇంగ్లండు పార్లమెంటు అనుకోకూడదు, ఇది జడ్జీల ఉన్నత న్యాయస్థానం. శాసనం పాత చట్టాలకు విరుద్ధమని తోస్తే జడ్జీలు అభ్యంతర పత్రం పంపేవారు. రాజు ఒప్పుకోకపోతే నమోదు చేసి తీరాలని ఆజ్ఞాపత్రం వచ్చేది. అప్పటికీ కదలకపోతే రాజే స్వయంగా వచ్చి కూర్చుని కళ్లెదుట నమోదు చేయించేవాడు. దీన్నే ‘లి ద జుస్తీస్’ అనేవారు. ముందు నమోదు చేయండి, అభ్యంతరం తర్వాత చెప్పండి అని 1673లో లూయీ వరస తిరగేసి వాళ్ల నోరు కట్టేశాడు. ఆయన పోయిన ఏడాదే, ఆయన వీలునామాను కొట్టేయించుకోవడం కోసం బాలరాజు తరఫున పాలన చేపట్టిన ఓర్లియాన్ ప్రభువు ఆ హక్కును వాళ్లకు తిరిగి ఇచ్చేశాడు.

ఎదురుతిరిగిన జడ్జీలను తీసేయొచ్చు కదా? అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ పదవులు డబ్బుకు అమ్మినవి. 1604 నుంచి పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా కడుతూ పోతే అది వారసులకూ దక్కేది. తీసేస్తే సొమ్ము వాపసు ఇవ్వాలి, ఖజానా చూస్తే ఎప్పుడూ అప్పుల్లోనే. అధికారాల విభజన గురించి 1748లో రాసిన రాజకీయ తత్వవేత్త మాంటెస్క్యూ కూడా పెదనాన్న నుంచి సంక్రమించిన ఇలాంటి పదవిలోనే బోర్డో పార్లమాన్‌లో పనిచేసి, 1726లో దాన్ని అమ్మేశాడు. రాజుకూ జనానికీ మధ్య నిలిచే సంస్థలు ఉండాలన్న వాదం ఆయనకు ఆ కుర్చీలో పరిచయమైన పనే.

అలాగని ఈ జడ్జీలను ప్రజల పక్షాన నిలిచిన వీరులుగా చూపడమూ తప్పే. 1734లో జ్ఞానోదయ రచయిత వోల్టేర్ పుస్తకాన్ని తగలబెట్టించింది పారిస్ పార్లమాన్. 1762లో కొడుకును చంపాడన్న తప్పుడు నిందపై కలాస్ అనే ప్రొటెస్టెంట్ వర్తకుడికి మరణశిక్ష వేసింది తులూజ్ పార్లమాన్. అందుకే 1771లో ఛాన్సలర్ (రాజు న్యాయమంత్రి) మోపూ పారిస్ జడ్జీలను వెళ్లగొట్టి పదవుల అమ్మకం ఆపినప్పుడు వోల్టేర్ అప్పటి రాజు పదిహేనో లూయీ వైపు నిలిచాడు. అదే పనిని నిరంకుశత్వమని తిట్టిపోసిన వాళ్లూ ఉన్నారు. జ్ఞానోదయాన్ని ఒకే గొంతుగా పాఠం చెబితే ఈ తగువు మాయమైపోతుంది.

1774లో పదహారో లూయీ పాత జడ్జీలను మళ్లీ పిలిచాడు. 1787లో వాళ్లే స్టాంపు పన్ను, కొత్త భూమి పన్ను నమోదు చేయబోమన్నారు. కొత్త పన్నుకు సమ్మతించే హక్కు 1614 తర్వాత ఒక్కసారీ కూర్చోని ఎస్టేట్స్ జనరల్‌దేనన్నారు, అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభది. పారిస్ జనం జేజేలు కొట్టారు. ఆ సభ 1614 పద్ధతిలోనే, అంటే సామాన్యులు ఎప్పుడూ ఓడిపోయేలా వర్గానికి ఒక్క ఓటు లెక్కన, జరగాలని 1788 సెప్టెంబరులో తీర్మానించేసరికి ఆ జేజేలు ఆగిపోయాయి.

రష్యాలో రాణి కాథరీన్ కొత్త చట్టాలు రాసే కమిషన్‌కు 1767లో ఇచ్చిన ‘నకాజ్’ అనే సూచనల పత్రంలో మాంటెస్క్యూ, ఇటలీ న్యాయవేత్త బెకారియాల మాటలే ఎక్కువ. కానీ రాణి శాసనాన్ని ఆపగల న్యాయస్థానం అక్కడ లేదు. ఆ కమిషన్ 1768లో టర్కీ యుద్ధంతో మూతపడింది, అర్ధబానిసలైన రైతులు అలాగే ఉండిపోయారు.

ఇకమీద ‘నేనే రాజ్యం’ అచ్చువేసేటప్పుడు దాని పక్కన ‘అన్నాడని అంటారు’ అని చేర్చమని, చోటుంటే ఆ నమోదు పుస్తకం సంగతీ రెండు ముక్కలు రాయమని మనవి.

భవదీయుడు,
ఒక చరిత్ర పాఠకుడు