స్కేట్‌బోర్డు కుదిపితే తప్పు మోటార్దేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పిల్లలు ఇంట్లో తయారుచేసుకునే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డుల మీద వేసిన ఐటెం చదివాను, బానే ఉంది గానీ చివర బాక్సులో బోర్డు కుదిపితే మోటార్ మార్చుకోవాలి అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నాది గాజువాకలో వైండింగ్ షాపు. 22 ఏళ్లుగా ఫ్యాన్లూ నీళ్ల మోటార్లూ చుట్టుకుంటూ బతుకుతున్నాను, మోటార్ మార్చండి అని రాస్తే బాగుపడేది మాలాంటోళ్లమే, అయినా చెప్తున్నాను.

మా మేనల్లుడు డిప్లొమా చదువుతున్నాడు, ఉండేది పెదవాల్తేరులో. 18650 అనే చిన్న లిథియం సెల్స్ పది సిరీస్‌లో కట్టి 36 వోల్టుల బ్యాటరీ చేసుకుని, మోటార్ బిగించి రెండు నెలలు బీచ్ రోడ్డంతా తిరిగాడు. తర్వాత మొదలైంది జబ్బు. నిలబడి రిమోట్ నొక్కితే గ్ర్ర్‌మని వణకడమే తప్ప ముందుకి కదలదు, అదే కాలితో రెండు తోపులు తోసి నొక్కితే ఏ రోగమూ లేనట్టు పోతది. ఎవరో చెప్తే మోటార్‌కి కరెంటు పంచే కంట్రోలర్ మార్చాడు, 4,500 పోయాయి, వణుకు మాత్రం పోలేదు. అప్పుడు గుర్తొచ్చాను నేను. "మావయ్యా, కాయిల్ కాలిపోయిందేమో సూడు" అని పట్టుకొచ్చాడు. "ఒరే, కాయిలే పోతే తోసినాక ఇంత సాఫీగా ఎల్తాదేటిరా" అన్నాను.

ఈ మోటార్లో బ్రష్‌లు ఉండవు. మూడు ఫేజ్ వైర్లుంటాయి, ఏ క్షణంలో ఏ వైరుకి కరెంటు ఇవ్వాలో కంట్రోలరే చూసుకోవాలి, దానికి లోపల మ్యాగ్నెట్లు ఎక్కడున్నాయో తెలియాలి కదా. తిరుగుతున్నంతసేపు మోటారే డైనమోలాగ కొంత వోల్టేజీ వెనక్కి పుట్టిస్తది, దాన్ని బట్టి కంట్రోలర్ కనిపెట్టేస్తది. ఆగి ఉన్నప్పుడు అదేం రాదు. అందుకే మ్యాగ్నెట్ ఎక్కడుందో పసిగట్టే మూడు హాల్ సెన్సార్లు పెడతారు, వాటిలో ఒక్కటి పలకకపోయినా కరెంటు పోయిన రాత్రి తాళం కన్నం వెతుక్కున్నట్టే ఉంటది కంట్రోలర్ పని.

మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు గ్రౌండుకి ఆనించి, కంట్రోలర్ దగ్గర ఒక్కో సెన్సార్ పిన్నూ చూస్తూ చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పాను. సున్నా, 5, సున్నా, 5 మారుతుండాలి. రెండు మారాయి, మూడోది 5 దగ్గరే బిగుసుకుపోయింది. కనెక్టర్ ఊడదీస్తే పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. బీచ్ పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తినేస్తాయో విశాఖ వాళ్లకి నేను చెప్పాలా, ఆ ఉప్పు గాలి సన్న పిన్నుని వదులుతదా. కనెక్టర్ కోసేసి వైర్లు సోల్డర్ చేసి స్లీవ్ తొడిగాను. అంతే, మోటార్ ముట్టుకోలేదు.

బండి నా దగ్గరే ఉంది కదా అని రిమోట్ కూడా చూశాను, ఇక్కడ మాత్రం నాకే గుండె ఆగినంత పనైంది. చక్రాలు పైకెత్తి సగం స్పీడులో పెట్టి రిమోట్ ఆపేస్తే చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది! రిమోట్ నుంచి వచ్చేది చిన్న పల్స్, 1.5 మిల్లీసెకన్లంటే ఏం నొక్కకుండా ఖాళీగా ఉన్నట్టు, 2 అంటే ఫుల్. సిగ్నల్ తెగితే ఖాళీకి రావాల్సింది పోయి బోర్డులో సిగ్నల్ అందుకునే వాడి రిసీవర్ ఆఖరి పల్స్‌నే పట్టుకుని కూర్చుంది. సిగ్నల్ తెగితే దానంతటదే ఖాళీకొచ్చేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేస్తే ఐదు నిమిషాల పని, వీడు రెండు నెలలు అలాగే తిరిగాడు.

ఇంకోటి, ఫుల్ చార్జింగ్ పెట్టుకుని వెంటనే పాండురంగాపురం డౌన్ వాలు రోడ్డు దిగొద్దని చెప్పాను. బ్రేక్ వేస్తే కరెంటు తిరిగి బ్యాటరీలోకే పోవాలి, పేరుకి 36 అయినా ఫుల్ చార్జింగ్‌కి 42 వోల్టులుంటది, అలా నిండి ఉంటే పట్టదు, బ్యాటరీ కట్ అయితే బ్రేకూ పోతది. 41 దగ్గర ఆపుకోమన్నాను, విన్నాడో లేదో.

ఆ బాక్స్ ఐటెం సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం చక్రాలు పైకెత్తి రిమోట్ ఆపి చూసుకోమన్న మాట ఒక్కటైనా చేర్చండి, మీ పేపర్ చదివి మోటార్ మార్చమని నిన్న కూడా ఒక కుర్రాడు షాపుకొచ్చాడు.

ఇట్లు,
ఒక వైండింగ్ మెకానిక్,
గాజువాక, విశాఖపట్నం