బావి పూడ్చాక తూర్పు హద్దు ఏది?

సంపాదకులకు నమస్కారం.

వాక్యాల అర్థాన్ని విడదీసి చూసే విశ్లేషణాత్మక తత్వశాస్త్రం అంటే మాటల్ని పీకి పాకం పెట్టడమేనని గత ఆదివారం మీ పత్రికలో ఒకరు రాశారు. ముప్పై ఏళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్లు రాసి బతికినవాణ్ని. మాటను పీకితే ఏమొస్తుందో నాకు కాస్త తెలుసు.

ఇప్పుడు రోజూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తున్నాను. చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. "అంకుల్, మీరు గ్రూప్ వన్నా, టూనా?" అని మొదట్లో ఆటపట్టించారు. నా చేతిలో ఉన్నది బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1905లో రాసిన వ్యాసం. "ఇప్పటి ఫ్రాన్సు రాజుకు బట్టతల" అనే వాక్యం మీద పెద్ద చర్చ. ఫ్రాన్సుకు రాజే లేడు కదా, మరి ఆ వాక్యం నిజమా, అబద్ధమా? అబద్ధమే అంటాడు రస్సెల్. అలాంటి రాజు ఉన్నాడని, ఒక్కడే ఉన్నాడని కూడా ఆ వాక్యం చెబుతోంది మరి. 1950లో స్ట్రాసన్ అనే మరో బ్రిటిష్ తత్వవేత్త అడ్డం తిరిగాడు: రాజే లేనప్పుడు నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదన్నాడు.

చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములకు దస్తావేజు రాస్తూ, పాత కాగితంలో "తూర్పు: బావి" అని ఉంటే అలాగే దించేశాను. ఆ బావిని ఎప్పుడో పూడ్చేశారట. హద్దు తప్పు రాశావని తమ్ముడు, అసలు హద్దే రాయలేదని అన్న, నా బల్ల దగ్గరే కొట్టుకున్నంత పని చేశారు. ఒకడు రస్సెల్, ఒకడు స్ట్రాసన్! తప్పు నాదే కాబట్టి సవరణ దస్తావేజు నా ఖర్చుతోనే రాసిచ్చాను.

ఆస్టిన్ అనే ఇంకో బ్రిటిష్ తత్వవేత్త మాత్రం మా వృత్తివాడే అనిపించాడు. కొన్ని మాటలు పనిని గురించి చెప్పవు, ఆ పనినే చేస్తాయంటాడు. వీలునామాలో "నా వాచీని తమ్ముడికి ఇస్తున్నాను" అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణే. "ఇందుమూలముగా విక్రయించడమైనది" అని నేను ఎన్ని వేలసార్లు రాశానో!

ఒక్క చోట మాత్రం చిక్కుపడ్డాను. రస్సెల్ గొడవంతా ఇంగ్లీషులో "ఒక్కటే ఉంది" అని సూచించే "ద" (the) అనే చిన్న మాట మీద నడుస్తుంది. మనకది లేదు. "ఆ" అంటే వేలు పెట్టి చూపించినట్టు ఉంటుంది, అది వేరు. "బావి పక్క స్థలం" అంటే ఏ బావో వినేవాడికి తెలుస్తూనే ఉంది. మరి "ఒక్కటే ఉంది" అనే లెక్క మన వాక్యంలో ఎక్కడ దాక్కుంది?

ఉస్మానియాలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో తత్వశాస్త్రం చెప్పేవారితో దీని మీద మీ ఆదివారం పేజీలో రాయించండి. ఇంగ్లీషు వాక్యాలకు అనువాదాలు కాకుండా తెలుగు వాక్యాలే తీసుకుని రాయమనండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వేస్తే ఇంకా సంతోషం, కళ్లజోడు మార్చాల్సిన టైమొచ్చింది.

- ఒక రిటైర్డ్ డాక్యుమెంట్ రైటర్, నల్లకుంట, హైదరాబాద్