రోప్‌వే తర్వాత సంగతి, ముందు తొవ్వ చూపించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా పెద్దపల్లి జిల్లాలో గుట్ట మీదున్న రామగిరి ఖిల్లా గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. యాదగిరిగుట్ట, నాగార్జునసాగర్‌తో పాటు మా గుట్టకూ రోప్‌వే ప్రతిపాదన వెళ్లిందని పేపర్లో చదివి సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ కటింగ్ ఇంకా నా జిరాక్స్ షాపు అద్దానికి అంటించే ఉంది. ఎండకు పచ్చబడింది.

తీగల మీద తేలిపోయే రోజు వచ్చినప్పుడు వస్తుంది, అంతవరకు కాళ్లతోనే కదా ఎక్కాలి. శ్రావణం వచ్చిందంటే పెద్దపల్లి, మంథని, కరీంనగర్ నుంచి ఆటోలు, ట్రాలీలు కట్టుకుని వేలమంది గుట్ట కింది మా బేగంపేట ఊరి దిక్కు వస్తారు. పైన దేవుడున్నాడు, కోట ఉంది, అడవి నిండా మందు చెట్లున్నాయి. బోటనీ చదివే పిల్లలు నోటు పుస్తకాలతో వస్తారు. నాటు వైద్యులు సంచులతో వస్తారు. పశువులు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఆ గుట్ట మీద తొవ్వలకు కొదువ లేదు. పశువులు పోయిన తొవ్వ, ఆకుల కోసం పోయినవాళ్ల తొవ్వ, భక్తుల తొవ్వ, వానాకాలం గడ్డి నడుము దాకా పెరిగాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది దేవుడి దగ్గరికి పోతుందో, ఏది లోయలోకి పోతుందో చెప్పే బోర్డు ఒక్కటి లేదు.

పోయిన శ్రావణంలో మా చిన్నమ్మ దిగేటప్పుడు తప్పిపోయింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. దర్శనం బాగా అయింది, వాన అందుకుంది, అందరం గబగబా దిగుతున్నాం. వెనకే వస్తోంది అనుకున్నాం. కిందికొచ్చి లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. మళ్లీ ఎక్కి, గొంతు పోయేలా పిలుచుకుంటూ రెండున్నర గంటలు వెతికాం. ఆమె పశువుల తొవ్వ పట్టి చాలా దూరం పోయి, పాకుడు పట్టిన బండ మీద జారి, ఒక తునికి చెట్టు కింద కూర్చుని ఉంది. చెప్పులు ఒళ్లో పెట్టుకుంది. చీలమండ బూరెలా ఉబ్బింది. ప్రసాదం కొబ్బరి తినేసి, ఆ చిప్పను వాన కింద పట్టి, నిండిన నీళ్లు తాగుతోంది. నన్ను చూడగానే అన్న మొదటి మాట "ఇంటికాడ బర్రెకు నీళ్లు పెట్టిన్రా?" అని. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

రెండు కర్రలకు చీర కట్టి డోలీ చేసి దింపాం. 108 కిందే ఉంటుంది, పాపం అది మాత్రం ఎట్లా ఎక్కుతుంది! ఆ తర్వాత అర్జీ ఇవ్వడానికి పోతే కౌంటర్ దగ్గరాయన "ఆ వయసులో ఎక్కమని ఎవరు చెప్పారండీ" అన్నారు. దేవుడు చెప్పాడని అనాలనిపించింది, అనలేదు.

అది మొదటి అర్జీ. మొత్తం నాలుగు ఇచ్చాను. అడవి ఒకరిదట, కోట ఇంకొకరిదట, కింద రోడ్డు మరొకరిదట. మరి జారి పడ్డ మనిషి ఎవరి కిందికి వస్తుందో నాలుగు ఆఫీసుల్లో ఎవరూ చెప్పలేదు. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మండలానికి ఆ గుట్ట పేరే పెట్టుకున్నాం. పేరు పనికొచ్చింది కానీ గుట్టకు దిక్కు లేదు.

ఇక లాభం లేదని మేమే ఐదుగురం కలిసి ఒక ఆదివారం సున్నం బకెట్ మోసుకుపోయి, తొవ్వ చీలిన ప్రతి చోటా రాళ్ల మీద బాణం గుర్తులు వేశాం. రెండు వానలకు అవి కారిపోయాయి. ఒకచోట మాత్రం బాణం మిగిలింది, దాని మీద ఎవరో ప్రేమికులు పేర్లు రాసుకున్నారు. అన్నిటికంటే చోద్యం ఏమిటంటే, అనుమతి లేకుండా రాళ్లకు రంగు పూయడం తప్పని మాకు ఫోన్ వచ్చింది. అర్జీలకు రాని జవాబు సున్నానికి మూడు రోజుల్లో వచ్చింది సార్! వాళ్లు చెప్పింది చట్టప్రకారం నిజమే కావచ్చు, కాదనను. అయితే ఆ పని మీరే చేయించండి.

కోట్లు అడగడం లేదు. చెరిగిపోని బాణాలు, పాకుడు బండల దగ్గర పట్టుకోవడానికి ఒక గొలుసు, మధ్యలో ఒక నీళ్ల డ్రమ్ము, శ్రావణంలో ఇద్దరు మనుషులు. బాణాలైనా వేయించండి. అదీ కుదరదంటే అనుమతి కాగితం ఒక్కటి ఇప్పించండి, సున్నం మేమే కొనుక్కుంటాం, బకెట్ కూడా మాదే. శ్రావణం దగ్గరికొస్తోంది. చిన్నమ్మ ఈసారీ వస్తానంటోంది, వద్దంటే వినేలా లేదు.

ఇట్లు,
పెద్దపల్లి నుంచి ఒక జిరాక్స్ షాపు మనిషి

జత: నాలుగు అర్జీల నకళ్లు. షాపు నాదే కాబట్టి ఇంకెన్ని కాపీలు కావాలన్నా పంపగలను.